సెకండ్ పీయూ పిల్ల సైకాలజీ అంటోంది, వాళ్ళ నాన్న ఐక్యూ చార్ట్ చూపిస్తున్నారు, మీరేమంటారు?

మేనమామ_బెళ్ళందూరు
శనివారం రాత్రి 9:40

నమస్కారం అండీ అందరికీ. మా అక్క కూతురు ఇక్కడే బెంగళూరులో సెకండ్ పీయూ, అంటే మన ఇంటర్ సెకండ్ ఇయర్, పీసీఎంబీ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ). చిన్నప్పట్నుంచీ క్లాసులో ముందుండే పిల్ల, ఇక్కడి ఎంట్రన్స్ సీఈటీ కోచింగ్‌కి కూడా వెళ్తోంది, ఇంజినీరింగా మెడిసినా అన్నదొక్కటే ఇంట్లో మాట. ఇప్పుడేమో సైకాలజీ చదువుతా అంటోంది. మా బావగారికి ఎవరో వాట్సాప్‌లో ఒక చార్ట్ పంపారు, ఏ సబ్జెక్ట్ చదివేవాళ్ళకి సగటు ఐక్యూ ఎంత అని. పైన ఫిజిక్స్, మ్యాథ్స్, ఫిలాసఫీ, ఇంజినీరింగ్, బాగా కింద సోషల్ వర్క్, ఎడ్యుకేషన్, వాటికి కొంచెం పైన సైకాలజీ. అది పిల్ల ముందు పెట్టి ఇంత బుర్ర పెట్టుకుని తెలివి తక్కువవాళ్ళు చేరే కోర్సులో చేరతావా అని అడిగారంట. అప్పట్నుంచీ పిల్ల సరిగ్గా అన్నం తినట్లేదు, అక్క ఫోన్ చేసి ఒకటే బాధ.

బావగారు చెడ్డాయన కాదండీ, కూతురంటే ప్రాణం, ఆయన భయం ఆయనది. నాకు సలహా కన్నా ముందు నిజం కావాలి. ఆ చార్ట్ కరెక్టేనా, కరెక్టయితే దాన్నెలా అర్థం చేస్కోవాలి, మంచి బుర్ర ఉన్న పిల్ల ఆ కోర్సుకి వెళ్తే నిజంగా ఏమైనా పోగొట్టుకుంటుందా. రేపు వాళ్ళింటికి వెళ్ళాలి, తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

సిల్క్‌బోర్డ్_సీనియర్
రాత్రి 10:05

చార్ట్‌లో తప్పేం లేదు. నచ్చకపోవచ్చు గానీ లెక్క లెక్కే. అమెరికాలో కాలేజీలో చేరడానికి రాసే శాట్, పీజీకి రాసే జీఆర్ఈ స్కోర్లు కోర్సు వారీగా ఏళ్ళ తరబడి బయట పెడుతున్నారు, ఎప్పుడు చూసినా ఫిజిక్స్, మ్యాథ్స్ వాళ్ళు పైనే, ఎడ్యుకేషన్ వాళ్ళు కిందే. టెస్టుకీ తెలివికీ సంబంధమే లేదనేవాళ్ళకి ముందే చెప్తున్నా, 2004లో ఫ్రే, డెటర్‌మన్ అనే ఇద్దరు సైకాలజిస్టులే లెక్కేశారు, శాట్ స్కోరుకీ సాధారణ తెలివితేటల కొలతకీ మధ్య కోరిలేషన్ 0.82 వచ్చింది, 1 అంటే రెండూ పూర్తిగా కలిసి నడిచినట్టు. అది చాలా గట్టి సంబంధం. మన దగ్గర కూడా ఎంసెట్ టాప్ ర్యాంకులు, జేఈఈ టాప్ ర్యాంకులు ఎక్కడ చేరతాయో అందరికీ తెలుసు. కాబట్టి తండ్రి భయం న్యాయమైందే. సత్తా ఉన్న పిల్లని పోటీ ఉన్న చోటికే పంపాలి, క్లాసులో పక్కన కూర్చునేవాళ్ళ స్థాయి కూడా చదువులో భాగమే కదా.

మోడరేటర్
రాత్రి 10:12

చిన్న రిక్వెస్ట్, పిల్ల పేరు, కాలేజీ పేరు ఎవరూ అడగొద్దు, పెట్టొద్దు. మిగతా చర్చ కానివ్వండి.

డేటా_జయనగర
రాత్రి 10:50

సిల్క్‌బోర్డ్ గారూ, 0.82 నిజమే, ఆ పేపర్ నాకూ తెలుసు. టెస్టులు ఏమీ కొలవవు అని నేను అనను. కానీ అక్కణ్నుంచి "సైకాలజీ అంటే తెలివి తక్కువవాళ్ళ కోర్సు" అనే మాటకి రావాలంటే మధ్యలో చాలా దాటాలి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఇలా తిరిగే చార్టులు చాలావరకు ఎవరికీ ఐక్యూ టెస్ట్ పెట్టి తయారు చేసినవి కావు. జీఆర్ఈ లేదా శాట్ సగటు తీసుకుని ఒక ఫార్ములాతో ఐక్యూ కింద మార్చేస్తారు. ఇప్పుడు జీఆర్ఈ సంగతే చూడండి. అది రాసేదే పై చదువులకి వెళ్దామనుకునేవాళ్ళు, అంటే అప్పటికే ఒక వడపోత అయిపోయింది. వెర్బల్‌లో (ఇంగ్లీష్ భాగం), రైటింగ్‌లో ఫిలాసఫీ వాళ్ళు ఎప్పుడూ టాప్‌లో ఉంటారు, ఎందుకంటే రోజంతా కష్టమైన వచనం చదివి దాని మీద వాదన రాయడమే వాళ్ళ పని. ఇంజినీరింగ్ వాళ్ళకి క్వాంట్ (లెక్కల భాగం) ఎక్కువ, వెర్బల్ తక్కువ, ఎందుకంటే ఆ రాసేవాళ్ళలో మన దేశం నుంచీ చైనా నుంచీ వచ్చేవాళ్ళు చాలా ఎక్కువ, మనకి ఇంగ్లీష్ ఇంట్లో భాష కాదు. పైగా వెర్బల్‌లో ఫుల్ స్కోర్ 170 వస్తే 99 పర్సంటైల్, క్వాంట్‌లో అదే 170కి 90 పైచిలుకే, అంత మంది పైన ఇరుక్కుపోయి ఉన్నారు. ఈ రెండు నంబర్లనీ కలిపేసి మీ ఐక్యూ ఇంత అంటే దేన్ని కొలిచినట్టు?

ఇంకో సంగతి. ఫిజిక్స్‌లో చేరేది గుప్పెడుమంది. సైకాలజీ అమెరికాలో అత్యధికంగా తీసుకునే మేజర్లలో ఒకటి. అన్ని రకాలవాళ్ళూ వచ్చే చోట సగటు మధ్యకి దిగుతుంది, అది ఆ సబ్జెక్ట్ లోతు గురించి గానీ అందులో ముందు వరసలో ఉన్నవాళ్ళ గురించి గానీ ఏమీ చెప్పదు.

ఇప్పుడు మీ పిల్ల విషయం. ఉదాహరణకి రెండు కోర్సుల సగటు మధ్య 8 పాయింట్లు తేడా ఉందనుకుందాం, ఒక్కో కోర్సులో పిల్లల మధ్య స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటు నుంచి స్కోర్లు ఎంత చెదిరి ఉన్నాయనే కొలత, 12 అనుకుందాం. పై కోర్సు నుంచి ఒకర్ని, కింది కోర్సు నుంచి ఒకర్ని కళ్ళు మూసుకుని పిలిస్తే దాదాపు మూడింట ఒకసారి కింది కోర్సు మనిషే ఎక్కువ స్కోరుతో ఉంటారు. సగటుని చూసి ఒక పిల్లని అంచనా కట్టడం ఎంత పెద్ద తప్పో ఆ ఒక్క లెక్క చాలు. మీ మేనకోడలు ఏ రూములో కూర్చున్నా తన స్కోరు తనదే, రూము సగటు వచ్చి తన బుర్రలో దూరదు.

ఇంకొకటి చెప్పి ఆపుతా. 1926లో శాట్ తయారు చేసినాయన కార్ల్ బ్రిగమ్, ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్. ఆయనే 1923లో అమెరికా సైన్యం పెట్టిన పరీక్షల స్కోర్లు పట్టుకుని ఏ దేశం నుంచి వచ్చినవాళ్ళకి తెలివి ఎక్కువ, ఎవరికి తక్కువ అని వరసలు కట్టాడు. 1930 వచ్చేసరికి ఆ పోలికలు నిలబడవని తనే రాసి వెనక్కి తీసుకున్నాడు. ఇంగ్లీష్ రానివాళ్ళకి ఇంగ్లీష్‌లో పరీక్ష పెట్టి తెలివి లేదనడం అన్నమాట ఆ పని. సగటులతో మనుషుల్ని గుంపులు గుంపులుగా వరసలో నిలబెట్టడం ఎంత ప్రమాదమో ఆ టెస్టు కట్టిన మనిషికే తెలిసొచ్చింది.

గణితం_మాస్టారు
ఆదివారం ఉదయం 6:30

నేను విజయవాడ వైపు జూనియర్ కాలేజీల్లో లెక్కలు చెప్పి ఇప్పుడు మా అబ్బాయి దగ్గర బన్నేరుఘట్ట రోడ్‌లో ఉంటున్నాను, ఇక్కడా పిల్లలకి చెప్తుంటాను. డేటా గారు అమెరికా సంగతి చెప్పారు, మన సంగతి నేను చెప్తాను.

మన దగ్గర టెన్త్ రిజల్ట్ వచ్చిన రోజే అంతా అయిపోతుంది. మార్కులు బాగా వస్తే ఎంపీసీ, లేదంటే బైపీసీ. ఇంకాస్త తగ్గితే సీఈసీ. అసలేం రాలేదంటే హెచ్ఈసీ. పిల్లవాడికి చరిత్ర అంటే ప్రాణమా, లెక్కలంటే భయమా ఎవరూ అడగరు. చరిత్ర బాగా చదివే పిల్లవాడికి 580 మార్కులొస్తే హెచ్ఈసీలో చేరతానన్నాడని వాళ్ళ నాన్న నా దగ్గరికి తీసుకొచ్చి మాస్టారూ మీరు చెప్పండి వీడికి అన్నారు. వాణ్ణి ఎంపీసీలో వేశారు. ఇలాంటివి నా కళ్ళముందు ఎన్నో. ఆ తర్వాత కాలేజీలో వారం వారం టెస్టులు పెట్టి మార్కుల ప్రకారం సెక్షన్లు మారుస్తారు, పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కి కొత్తగా చేరినవాళ్ళు.

పెద్ద కాయలన్నీ ఏరి ఒక బుట్టలో వేసి, చూశారా ఈ బుట్టలో కాయలే పెద్దవి అన్నట్టుంది ఈ చార్ట్ వ్యవహారం. మార్కులు చూసి కోర్సు ఇచ్చేది మనమే, తర్వాత కోర్సు వారీగా మార్కులు కొలిచి ఆ కోర్సు గొప్పది అనేదీ మనమే.

ఎంసెట్ 1986లో వచ్చింది. నేను చూస్తుండగానే టాప్ ర్యాంకులు ఎన్ని బ్రాంచిలు మారాయో. 90లలో ఎక్కువగా ఈసీఈ కావాలనేవాళ్ళు. తర్వాత సాఫ్ట్‌వేర్ ఊపులో సీఎస్ఈ, 2001లో అమెరికాలో డాట్‌కామ్ కూలినప్పుడు అదే సీఎస్ఈ వద్దని పారిపోయారు, మళ్ళీ వెనక్కొచ్చారు, ఇప్పుడు సీఎస్ఈలోనే ఏఐ, డేటా సైన్స్. అంతకు ముందు తరంలో మెకానికల్, సివిల్ అంటే పెద్ద ఇంజినీర్ అనేవాళ్ళు, ఈ రోజు ఆ సీట్లు నిండక ఖాళీగా ఉంటున్నాయి. సివిల్ సబ్జెక్ట్ ఏమైనా సులువైపోయిందా? స్ట్రక్చరల్ అనాలిసిస్ అప్పుడెంత కష్టమో ఇప్పుడూ అంతే. జీతాలు ఎటు పోతే ర్యాంకులు అటు పోయాయి. అందుకని ఒక కోర్సులో చేరినవాళ్ళ సగటు ర్యాంకు చూస్తే ఆ ఏడాది ఉద్యోగాల మార్కెట్ కనిపిస్తుంది, అంతకు మించి ఏం కనపడదు. కామర్స్ కూడా చూడండి, సీఏ మీద మోజు పెరిగాక ఎంఈసీలో బాగా చదివే పిల్లలు వచ్చి చేరారు, అంతకు ముందు కామర్స్ అంటే చిన్నచూపే.

బావగారితో మాట్లాడేటప్పుడు ఇది చెప్పండి బాబూ. ఆయన చేతిలో ఉన్నది తెలివి చార్ట్ కాదు.

అమ్మ_జేపీనగర్
ఉదయం 7:15

మాస్టారూ నమస్కారం, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. మా ఇంట్లోనూ ఇదే గొడవ, మా అబ్బాయి కామర్స్ అంటున్నాడు. ఫాలో అవుతున్నా.

పీణ్య_అనంతపురం
ఉదయం 8:40

నాది అనంతపురం, పీణ్యలో టూల్ డిజైన్ చేస్తా. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌కి పోతానంటే మా బంధువులంతా వీడికి చదువు రాదు అని తేల్చేసినారు. తర్వాత ఇక్కడ జీటీటీసీ అనే ప్రభుత్వ ట్రైనింగ్ సెంటర్‌లో టూల్ అండ్ డై, అంటే మెటల్‌ని ఆకారంలోకి తెచ్చే అచ్చుల పని, నేర్చుకున్నా, అది 1972లో డెన్మార్క్ వాళ్ళ సాయంతో పెట్టిన సంస్థ, అక్కడ చేతులు నలిగేదాకా పని నేర్పిస్తారు. ఇప్పుడు నా దగ్గరికి మంచి ర్యాంకుల బీటెక్ పిల్లోళ్ళు వస్తారు, లెక్క ఇస్తే నాకంటే ముందు చేస్తారు, దాంట్లో సందేహం లేదు. అయితే డ్రాయింగ్ ఇచ్చి ఈ డై లోపల మెటల్ ఎట్ల పారుతుంది, ఎక్కడ చీలుతుంది, కళ్ళ ముందర తిప్పి చూడప్పా అంటే కొందరికి అసలు రాదు, కొందరు ఐటీఐ పిల్లోళ్ళు చూసిన వెంటనే వేలు పెట్టి చూపిస్తారు. ఈ తెలివిని ఏ ఎంసెట్ కొలిచింది? నాకు తెలిసి ఏదీ కొలవలేదు. మీ చార్ట్‌లో మా వాళ్ళు అసలు లేనే లేరు.

డేటా_జయనగర
ఉదయం 9:20

పీణ్య అన్నా, మీరు చెప్పినదాని మీద పెద్ద స్టడీయే ఉంది. 1960లో అమెరికాలో ప్రాజెక్ట్ టాలెంట్ అని దాదాపు 4 లక్షల మంది హైస్కూల్ పిల్లలకి టెస్టులు పెట్టి తర్వాత వాళ్ళు ఏమయ్యారో చూశారు. 2009లో వై, లుబిన్‌స్కీ, బెన్‌బో ఆ డేటా మీద రాశారు, వస్తువుని మనసులో తిప్పి చూడగల శక్తి, స్పేషియల్ ఎబిలిటీ అంటారు, అది సైన్స్, ఇంజినీరింగ్‌లోకి ఎవరు వెళ్తారో చెప్పడంలో లెక్కలు, భాష స్కోర్లకి తోడు విడిగా పనిచేస్తోందని తేలింది. కానీ కాలేజీ అడ్మిషన్ టెస్టుల్లో దానికి చోటు లేదు. అలా ఎంతమంది పిల్లలు జల్లెడలోంచి జారిపోతున్నారో.

సిల్క్‌బోర్డ్_సీనియర్
ఉదయం 10:00

అందరూ బాగా చెప్తున్నారు గానీ ఒక గట్టి విషయం దాటేస్తున్నారు. కొన్ని సబ్జెక్టులకి నిజంగానే ఒక కనీస స్థాయి కావాలి. 2010లో స్టీవ్ షూ, షోంబర్ట్ ఒరెగాన్ యూనివర్సిటీ స్టూడెంట్ల రికార్డులు తీసి చూశారు. శాట్ మ్యాథ్స్‌లో సుమారు 600 కన్నా తక్కువ వచ్చినవాళ్ళు ఫిజిక్స్, మ్యాథ్స్ మేజర్లలో పై గ్రేడులు తెచ్చుకున్నది దాదాపు లేదు, ఎంత కష్టపడినా. మిగతా సబ్జెక్టుల్లో అలాంటి గీత కనపడలేదు, తక్కువ స్కోరుతో వచ్చినవాళ్ళు కూడా కష్టపడి పైకొచ్చారు. అంటే సబ్జెక్టుల మధ్య తేడా మన ఊహ కాదు. మాస్టారు చెప్పిన మార్కెట్ కథ సీఎస్ఈకి సరిపోతుంది, ఫిజిక్స్‌కి సరిపోదు, ఫిజిక్స్‌లో జీతాలేం లేవు కదా.

డేటా_జయనగర
ఉదయం 10:25

ఇది మంచి పాయింట్, దీన్ని నేను కాదనను. ఫిజిక్స్‌కి కింద ఒక గీత ఉంది. ఆ పేపర్ చెప్పేది అంతవరకే. పిల్లకి ఆ గీత దాటే సత్తా ఉంటే గీత లేని సబ్జెక్ట్‌కి వెళ్ళకూడదని అందులో ఎక్కడుంది? లోపలికి రావడానికి తలుపు ఎంత ఇరుకు అన్నది వేరు, లోపల ఎంత దూరం వెళ్ళొచ్చు అన్నది వేరు. సైకాలజీలో చివరికంటా వెళ్తే మీకు దొరికేది స్టాటిస్టిక్సే. చాలా టెస్టుల స్కోర్ల వెనక ఉమ్మడిగా ఏముందో పట్టే ఫ్యాక్టర్ అనాలిసిస్ అనే లెక్క పుట్టిందే చార్లెస్ స్పియర్‌మన్ చేతిలో, 1904లో, ఆయన సైకాలజిస్ట్, అంతకు ముందు సైన్యంలో ఇంజినీర్ ఆఫీసర్. మీరు చెప్పిన 0.82లోని సాధారణ తెలివి అనే లెక్క కూడా ఆయన మొదలుపెట్టిందే.

నిమ్హాన్స్_పాత_స్టూడెంట్
మధ్యాహ్నం 12:10

నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, ట్రైనింగ్ ఇక్కడి మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో, ఇప్పుడు సొంత ప్రాక్టీస్. నా రోజువారీ పనిలో ఐక్యూ టెస్టులు పెట్టడం ఒక భాగం కాబట్టి కొంచెం మాట్లాడాలనిపించింది.

ఐక్యూ టెస్ట్ ఎందుకు పుట్టిందో ఎవరూ గుర్తు పెట్టుకోవట్లేదు. 1905లో పారిస్‌లో బినే, సిమోన్ మొదటి టెస్ట్ చేసింది స్కూల్లో వెనకబడుతున్న పిల్లల్ని గుర్తించి వాళ్ళకి ఎక్కువ సాయం చేయడానికి. తెలివి పుట్టుకతో గడ్డకట్టిపోయింది, దాన్నెవరూ పెంచలేరు అనేవాళ్ళతో బినే గట్టిగా విభేదించాడు. మన దగ్గర 1930లలో కామత్ గారు ఆ టెస్టుని కన్నడ, మరాఠీ పిల్లల కోసం మార్చారు, బినే కామత్ టెస్ట్ అంటారు, ఇప్పటికీ క్లినిక్కుల్లో వాడుతున్నాం. నేను పిల్లతో మొత్తం కూర్చుని, భాష ఏంటి, రాత్రి నిద్రపోయిందా, భయపడుతోందా అన్నీ చూసి రాస్తాను, ఒక్క నంబర్ రాసి పంపేస్తే అది పని కాదు. అలాంటిది ఒక చార్ట్‌లో లక్షల మందికి ముఖం చూడకుండా ఐక్యూ అంటగట్టడం చూస్తే నాకు కడుపు మండుతుంది.

రెండో మాట, చదువు ఐక్యూని పెంచుతుంది. 2018లో రిచీ, టకర్ డ్రాబ్ 6 లక్షల మందికి పైగా ఉన్న స్టడీలన్నీ కలిపి చూశారు, ఒక్కో అదనపు చదువు సంవత్సరానికి సుమారు 1 నుంచి 5 పాయింట్లు పెరుగుతోందని తేల్చారు. కాబట్టి బాణం రెండు వైపులా ఉంది, స్కోరు చదువుని తెస్తుంది, చదువు స్కోరుని తెస్తుంది. మంచి సెక్షన్‌లో వేసిన పిల్లకి మంచి లెక్చరర్ దొరికాడని మాస్టారు చెప్పారే, అది కూడా ఇందులో ఒక పాయే.

మూడోది మనకి దగ్గరది. తమిళనాడులో చెరకు రైతుల మీద 2013లో ఒక పరిశోధన వచ్చింది, మణి, ముల్లైనాథన్, షఫీర్, జావో చేశారు. ఒకే రైతుకి కోతకి ముందు, చేతిలో డబ్బు లేనప్పుడు ఒకసారి, కోత డబ్బు వచ్చాక ఇంకోసారి రావెన్స్ మ్యాట్రిసెస్ (బొమ్మల వరసలో లేని ముక్క ఏదో కనిపెట్టడం) లాంటి టెస్టులు పెట్టారు. కోత ముందు స్కోరు తగ్గింది, డబ్బొచ్చాక పెరిగింది. దాని మీద వాదనలు ఉన్నాయి, అది వేరే సంగతి, కానీ క్లినిక్‌లో నాకు రోజూ కనపడేది అదే, అప్పుల్లో ఉన్న ఇంటి పిల్ల టెస్టులో సగం మనసే పెట్టగలదు. స్కోరు వెనక ఇల్లుంటుంది.

ఇక సైకాలజీ తక్కువ చదువు అనే మాట. బెంగళూరులో కూర్చుని ఆ మాట అనడం నాకు బాధగా ఉంటుంది. మైసూరు యూనివర్సిటీలో 1924లో సైకాలజీ డిపార్ట్‌మెంట్ మొదలుపెట్టింది ఎం వీ గోపాలస్వామి గారు, లండన్‌లో స్పియర్‌మన్ దగ్గర చదువుకుని వచ్చారు. ఆయనే 1935లో మైసూరులో తన ఇంట్లోంచి రేడియో స్టేషన్ కూడా నడిపారు. ఇక్కడి నేల మీద ఈ శాస్త్రానికి వందేళ్ళ చరిత్ర ఉంది. నిమ్హాన్స్ లాంటి సంస్థ మన ఊళ్ళోనే ఉంది.

మేనమామ గారూ, ఈరోజు వెళ్ళినప్పుడు చార్ట్ గురించి బావగారితో ముందే వాదనకి దిగకండి. పిల్లని ఒకసారి విడిగా కూర్చోబెట్టి ఎందుకు సైకాలజీ అని అడగండి. ఇప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదేమో అని నాకు అనుమానం.

హెచ్ఎస్ఆర్_కరీంనగర్
మధ్యాహ్నం 1:30

నేను ఎకనామిక్స్ బీఏ ఫైనల్ ఇయర్ అన్నా, ఆడపిల్లనే, ఎంపీసీ చదివిన. జేఈఈ మెయిన్స్‌ల మంచి పర్సంటైలే వచ్చింది, అయినా ఎకనామిక్స్ తీసుకున్న, అందరూ మ్యాథ్స్ రాక పోయింది అనుకుంటరు. నాకు మ్యాథ్స్ వస్తది, రాయడం కూడ వస్తది, రెండూ కావాలనిపించింది అంతే. మొన్న ప్రొఫెసర్ ఒక పేపర్ చదివించిన్రు, 2013ది, వాంగ్, ఎక్లెస్, కెన్నీ. మ్యాథ్స్ బాగా వచ్చి భాష మామూలుగా ఉన్నోళ్ళు ఎక్కువ సైన్స్, ఇంజినీరింగ్ దిక్కు పోతున్నరంట. రెండూ బాగా వచ్చినోళ్ళకి దారులు ఎక్కువ, వాళ్ళు వేరే దిక్కు పోవుడు ఎక్కువ, ఆ రెండూ ఉన్నోళ్ళల్ల అమ్మాయిలు ఎక్కువ. అంటే సైన్స్ వదిలినోళ్ళంతా రాక వదిలినోళ్ళు కాదు.

ఇంకొకటి, పోయినేడాది నేచర్‌ల వచ్చింది అనుకుంట, 2025 ఫిబ్రవరి, బెనర్జీ, డఫ్లో వాళ్ళది. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లల కూరగాయలు అమ్మే పిల్లలు నోటితోనే కష్టమైన లెక్కలు చేస్తరు, అదే లెక్క స్కూల్ పరీక్ష తీరు కాగితం మీద ఇస్తే చేయలేకపోయిన్రు. స్కూల్ పిల్లలు కాగితం మీద చేస్తరు, మార్కెట్ లెక్క ఇస్తే తడబడిన్రు. అసుంటి పిల్లల్ని టెస్టు స్కోరుతోని కొలిస్తే ఏం తెలుస్తది.

సిల్క్‌బోర్డ్_సీనియర్
మధ్యాహ్నం 2:15

సరే, తెలివి సంగతి పక్కన పెడదాం. తండ్రి అసలు బాధ ఏంటో నేను చెప్తా, నాకూ కూతురుంది కాబట్టి. సైకాలజీ డిగ్రీ అయ్యాక ఉద్యోగం ఏంటి, ఇరవై ఒకటో ఏట చేతికి ఎంత వస్తుంది. ఇంజినీరింగ్ పిల్ల నాలుగేళ్ళలో సంపాదన మొదలుపెడుతుంది. క్లినికల్ సైకాలజీ అంటే డిగ్రీ, ఎమ్మే, ఆపైన ఇంకో ప్రొఫెషనల్ కోర్సు, ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్, అప్పుడు గానీ ఆ బోర్డు పెట్టుకోలేరు. ఇది చాలా పొడుగు దారి. ఆయన దీన్ని నేరుగా చెప్పలేక చార్ట్ చూపిస్తున్నారు.

నిమ్హాన్స్_పాత_స్టూడెంట్
మధ్యాహ్నం 2:40

ఇది నిజం, ఇలా మాట్లాడితే నేను పూర్తిగా మీతో ఉన్నాను. దారి పొడుగే, మొదటి కొన్నేళ్ళు డబ్బు తక్కువే. ఈ మాట పిల్లకి దాచకుండా చెప్పాలి. డబ్బు భయానికి డబ్బు లెక్కతోనే జవాబు చెప్పొచ్చు, పిల్ల తెలివి మీదకి దాన్ని మళ్ళిస్తే మాత్రం ఆ గాయం చాలా ఏళ్ళు ఉంటుంది, నా దగ్గరికి ముప్పై ఏళ్ళ మనుషులు వచ్చి పదో తరగతి మార్కుల గురించి ఏడుస్తారు.

మేనమామ_బెళ్ళందూరు
రాత్రి 8:50

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఇప్పుడే వచ్చా వాళ్ళింటి నుంచి. ముందు పిల్లతో టెర్రస్ మీద కూర్చున్నా. నిమ్హాన్స్ మేడం చెప్పినట్టే ఎందుకు అని అడిగా. తన ఫ్రెండ్ తమ్ముడికి చదవడం రావట్లేదంట, అక్షరాలు కలిపి చదవలేడు, ఇంట్లో కొట్టేవాళ్ళంట, తర్వాత ఎవరో టెస్ట్ చేసి డిస్లెక్సియా అని చెప్పి వేరే పద్ధతిలో నేర్పిస్తే ఇప్పుడు చదువుతున్నాడంట. అది చూసినప్పట్నుంచీ మెదడు చదవడం ఎలా నేర్చుకుంటుంది అన్నది పట్టుకుంది. బయాలజీలో న్యూరాన్ చాప్టర్ అంతా నాకు అప్పజెప్పింది, నాకు సగం అర్థం కాలేదు గానీ పిల్ల ముఖం చూస్తే ఎన్నాళ్ళకో వెలుగు కనపడింది. మార్కులు తగ్గి పారిపోవడం కాదండీ ఇది, స్టాటిస్టిక్స్ కూడా కావాలంటోంది.

తర్వాత బావగారు. సిల్క్‌బోర్డ్ గారు చెప్పిందే కరెక్ట్, ఆయన డిప్లొమాతో చదువు ఆపేయాల్సొచ్చింది ఇంటి పరిస్థితి వల్ల, ప్రమోషన్ల దగ్గర ఎప్పుడూ ఆ మాటే పడ్డారు, పిల్లకి ఆ పరిస్థితి రాకూడదని. చార్ట్ మాట నేను ఎత్తలేదు, మాస్టారి బ్రాంచిల కథ మాత్రం చెప్పా, ఆయన కాలంలో మెకానికల్‌కి ఎంత విలువో ఆయనకే తెలుసు కదా, చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి సీఈటీ మాత్రం రాయాల్సిందే, ర్యాంకు చేతిలో పెట్టుకుని అప్పుడు మాట్లాడదాం అన్నారు. పిల్ల సరే అంది. ఇప్పటికి ఇద్దరూ కలిసి అన్నం తిన్నారు.

ఇప్పుడు నా ప్రశ్న, సైకాలజీలో చేరాలంటే కాలేజీలో ఏం చూడాలి, ఇంకా ఏమైనా దారులున్నాయా.

డేటా_జయనగర
రాత్రి 9:15

చాలా సంతోషం అండీ. పీసీఎంబీ ఉంది కాబట్టి తలుపులేవీ మూసుకోలేదు. మన ఐఐఎస్‌సీలో నాలుగేళ్ళ బీఎస్ ఉంది, 2011 నుంచి, అందులో బయాలజీ మేజర్ తీసుకోవచ్చు, అదే క్యాంపస్‌లో న్యూరోసైన్స్ సెంటర్ ఉంది. పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ (మెదడు, ఆలోచన ఎలా పనిచేస్తాయో చూసే శాస్త్రం) సెంటర్, ఐఐటీ గాంధీనగర్‌లో కాగ్నిటివ్ సైన్స్ ఎమ్మెస్సీ, అలహాబాద్ యూనివర్సిటీలో కూడా కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది. చదవడం మెదడులో ఎలా జరుగుతుంది అన్న ప్రశ్నకి ఇంజినీరింగ్ నుంచి వచ్చేవాళ్ళు, సైకాలజీ నుంచి వచ్చేవాళ్ళు, లింగ్విస్టిక్స్ వాళ్ళు అందరూ అక్కడే కలుస్తారు.

గణితం_మాస్టారు
రాత్రి 9:30

పిల్లకి స్టాటిస్టిక్స్ మొదలుపెట్టాలనుంటే ఆదివారాలు నేను ఆన్‌లైన్‌లో చెప్తాను, ఫీజు మాట ఎత్తొద్దు. సీఈటీ ఉంది కాబట్టి ప్రాబబిలిటీ చాప్టర్‌తో మొదలుపెడదాం, రెండిటికీ పనికొస్తుంది. మెసేజ్ చేయండి.

నిమ్హాన్స్_పాత_స్టూడెంట్
రాత్రి 10:05

కాలేజీకి వెళ్ళినప్పుడు బ్రోచర్ చూసి మోసపోకండి, నేరుగా డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి అడగండి. స్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడ్స్ ఎన్ని సెమిస్టర్లు ఉంది, ఎవరు చెప్తారు, లెక్చరర్లలో పీహెచ్‌డీ ఎందరికి ఉంది, ల్యాబ్ నిజంగా తెరుస్తారా లేక తాళం వేసి ఉంటుందా, మూడో ఏడాదిలో పిల్లలు సొంతంగా డేటా సేకరించి ప్రాజెక్ట్ చేస్తారా, ఏ ఆసుపత్రికో స్పెషల్ స్కూలుకో ఇంటర్న్‌షిప్‌కి పంపుతారా. చివరి ఏడాది స్టూడెంట్ ఒకర్ని బయట క్యాంటీన్ దగ్గర పట్టుకుని ఇవే ప్రశ్నలు మళ్ళీ అడగండి. క్లినికల్ వైపు వెళ్ళాలంటే ఏ కోర్సుకి గుర్తింపు ఉందో ఆర్‌సీఐ సైట్‌లో చూసుకోండి, రూల్స్ మారుతున్నాయి కాబట్టి ఎవరో చెప్పింది కాకుండా చేరే ఏడాది ఉన్న లిస్టే చూడాలి. బావగారిని కూడా తీసుకెళ్ళండి, ఉద్యోగాల ప్రశ్న ఆయనే అడగనివ్వండి.